బెట్టను ఎదుర్కొనే కణం

ఆగస్టు నెలలో ఒక మధ్యాహ్నం కొత్తచెరువు దగ్గర వేరుశెనగ చేని గట్టు మీద నిలబడ్డామనుకోండి. జూలైలో పడిన వానకు పదను చూసి గొర్రుతో విత్తనం వేశారు. మొలక చక్కగా వచ్చింది. ఆ తరువాత ఇరవై రోజులైనా చినుకు లేదు. దీనినే మన రైతులు 'బెట్ట' అంటారు. ఎర్రనేల పైపొర ఎండి గట్టిపడింది. ఇప్పుడు వంగి ఏదైనా ఒక మొక్కను పరిశీలించండి. వేరుశెనగ ఆకుకు నాలుగు పత్రకాలుంటాయి గదా! పొద్దున విప్పారి ఉన్న ఆ పత్రకాలు ఇప్పుడు నమస్కారం పెట్టే చేతులలాగా రెండేసి చొప్పున దగ్గరికి చేరి ఉంటాయి.

మొక్కకు కళ్ళు లేవు, మెదడు లేదు. నీరు తక్కువైందని దానికి ఎవరు చెప్పారు? ఆకు ముడుచుకొమ్మని ఎవరు ఆజ్ఞాపించారు?

ఈ ప్రశ్నలకు జవాబు కణంలో ఉన్నది. కణం బొమ్మ గీసి, భాగాలకు పేర్లు రాసి మీరు మార్కులు తెచ్చుకొనే ఉంటారు. ఇప్పుడు ఆ భాగాలను ఒక్కొక్కటిగా పలకరించి ఒకే ప్రశ్న అడుగుదాం: "నీరు కరువైనప్పుడు నువ్వు చేసే పని ఏమిటి?"

కొత్తచెరువునే ఎందుకు ఎన్నుకొన్నాం?

కొత్తచెరువు పుట్టపర్తికి దగ్గరలోని ఊరు. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి ఋతుపవనాలు తెచ్చే తేమలో ఎక్కువ భాగం పడమటి కనుమలు దాటకముందే కురిసిపోతుంది. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపినంతగా ఇంత లోపలి పీఠభూమిని తడపవు. ఆ పడే కాస్త వాన కూడా వరసగా పడదు. రెండు వానల మధ్య మూడు, నాలుగు వారాల బెట్ట ఇక్కడ కొత్త కాదు. ఎర్రనేలలు లోతు తక్కువ. నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేవు.

అందుకే ఇక్కడి పెద్దలు చెరువులు తవ్వారు. ఊరి పేరులోనే చెరువు ఉన్నది. పక్కనున్న బుక్కపట్నం కూడా పెద్ద చెరువుకు పేరుపడిన ఊరే. వాన పడినప్పుడు నిలవ చేసుకో, పడనప్పుడు పొదుపుగా వాడుకో - ఇదీ ఇక్కడి బతుకు సూత్రం. వేరుశెనగ కణం పాటించేది కూడా సరిగ్గా ఈ సూత్రమే.

గోడలు చూసినవారు, ప్రాణం చూసినవారు

1665లో రాబర్ట్ హుక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెరడు బిరడాను పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. తేనెపట్టులోని గదులవంటివి వరుసగా కనిపించాయి. చిన్న గది అనే అర్థం వచ్చే మాటనే వాటికి పేరుగా పెట్టాడు. నిజానికి ఆయన చూసినవి చచ్చిపోయిన కణాల గోడలు మాత్రమే. లోపలి ప్రాణం అప్పటికే ఎండిపోయింది.

ఆ తరువాత 1831లో రాబర్ట్ బ్రౌన్ మొక్కల కణాలలో ఒక గుండ్రని భాగాన్ని గుర్తించి దానికి కేంద్రకమని పేరు పెట్టాడు. మొక్కలన్నీ కణాలతోనే నిర్మితమైనవని 1838లో ష్లైడన్, జంతువులూ అంతేనని 1839లో ష్వాన్ ప్రకటించారు. కొత్త కణం పాత కణం నుంచే పుడుతుందని 1855లో విర్కో నొక్కి చెప్పాడు. హుక్ చూసిన ఖాళీ గది ఈ విధంగా జీవానికి మూలమైన ప్రమాణమైంది.

మొక్కల కణాలు సాధారణంగా మిల్లీమీటరులో నూరో వంతు నుంచి పదో వంతు వరకు ఉంటాయి. ఇంత చిన్న గదిలో నీటి నిలవ ఎలా సాధ్యం?

కణంలోని చెరువు

ముదిరిన మొక్క కణంలో నూటికి 80, 90 వంతుల చోటును ఒకే ఒక పెద్ద సంచి ఆక్రమించి ఉంటుంది. దాని పేరు రిక్తిక. రిక్తమంటే ఖాళీ అని అర్థం. తొలినాటి సూక్ష్మదర్శినులలో అది ఖాళీగా కనబడటం వల్ల ఆ పేరు వచ్చింది. కాని అది ఖాళీ కాదు, చెరువు. అందులో నీరు, నీటిలో కరిగిన లవణాలు, చక్కెరలు, ఆమ్లాలు ఉంటాయి. చెరువు చుట్టూ కట్ట మీది దారిలాగా పలుచని కణద్రవ్యం ఉంటుంది. మిగతా భాగాలన్నీ ఆ కణద్రవ్యంలోనే ఉంటాయి.

కణద్రవ్యాన్ని చుట్టి ఒక పొర ఉన్నది. ఇది ప్లాస్మా పొర. దీని మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. ఇది నీటిని సులభంగా పోనిస్తుంది. కరిగిన పదార్థాలను మాత్రం ఎంచి ఎంచి పోనిస్తుంది. నీరు ఈ పొరగుండా ఇంత చురుకుగా ఎలా పోతుందనేది చాలాకాలం చిక్కుప్రశ్నగా ఉండేది. పొరలో నీటికోసమే ప్రత్యేకించిన సన్నని ప్రోటీను కాలువలు ఉన్నాయని 1992లో పీటర్ ఆగ్రే బృందం నిరూపించింది. ఆయనకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

పొరకు వెలుపల ఉండేది కణకవచం. ఇది సెల్యులోజ్ పోగులతో నేసిన గట్టి గోడ. జంతు కణాలకు ఈ గోడ ఉండదు.

ఈ మూడూ కలిసి చేసే పని చూడండి. రిక్తికలో కరిగిన పదార్థాలు ఎక్కువ. అందువల్ల బయటి పలుచని ద్రావణం నుంచి నీరు పొరగుండా లోపలికి వస్తుంది. దీనినే ద్రవాభిసరణం అంటారు. నీరు చేరిన కొద్దీ రిక్తిక ఉబ్బి గోడను లోపలినుంచి నెడుతుంది. గోడ తిరిగి నెడుతుంది. ఇలా కణం బిగువుగా నిలబడుతుంది. ఈ బిగువుకు స్ఫీత పీడనమని పేరు. నీరు బాగా ఉన్న ఆకు కణంలో ఇది సాధారణంగా 5 నుంచి 10 వాతావరణ పీడనాల వరకు ఉంటుంది. లారీ టైరులో గాలిని 7, 8 వాతావరణాల పీడనం వరకు నింపుతారు. మనం వేళ్ళతో నలిపివేసే లేత ఆకులో లారీ టైరుకు సమానమైన బిగువు ఉన్నదన్నమాట! చెట్టుకు మాను బలం. వేరుశెనగ వంటి లేత మొక్కకు ఈ నీటి బలమే ఆధారం.

వేరుశెనగ ఆకులో ఇంకొక విశేషం ఉన్నది. ఆకును అడ్డంగా పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, కింది బాహ్యచర్మానికి ఆనుకొని పెద్ద పెద్ద కణాల వరుస కనిపిస్తుంది. వాటిలో ఆకుపచ్చదనం ఉండదు. అవి ఆహారం తయారుచేయవు. నీటిని నిలవ చేయటమే వాటి పని. బెట్టకు ఓర్చుకొనే శక్తిలో కొంత వేరుశెనగకు ఇక్కడినుంచే వచ్చింది.

మీరే చేసి చూడండి

రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో మంచినీరు, రెండవదానిలో నాలుగు చెంచాల ఉప్పు కలిపిన నీరు పోయండి. ఒకే పొడవు, ఒకే మందం గల రెండు బంగాళాదుంప ముక్కలను కోసి ఒక్కొక్క గ్లాసులో ఒకటి వేయండి. రెండు గంటల తరువాత తీసి వంచి చూడండి. మంచినీటిలో ముక్క పెళుసుగా ఉంటుంది. ఉప్పునీటిలోది తోలులాగా వంగుతుంది. ఊరగాయకు ఉప్పు పట్టించిన ముక్కలు నీరు వదలటం మీరు చూసినదే. అదీ ఇదీ ఒకటే.

బడిలో సూక్ష్మదర్శిని ఉంటే ఎర్ర ఉల్లిపాయ పొర మీది రంగు చర్మాన్ని ఒలిచి గాజుపలక మీద పెట్టండి. ఒక ఉప్పునీటి చుక్క వేయండి. ఊదారంగు ద్రవం గోడను వదిలి మధ్యకు కుంచించుకొని పోవటం కళ్ళారా చూడవచ్చు. వెంటనే మంచినీటితో కడిగితే మళ్ళీ ఉబ్బుతుంది. ఆలస్యం చేస్తే ఉబ్బదు. వడలిన మొక్క మళ్ళీ లేవటానికీ, ఎండిపోయిన మొక్క లేవకపోవటానికీ గల తేడా ఇదే. పొర చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే కణం తిరిగి కోలుకోగలదు.

తలుపు దగ్గర జంట కాపరులు

వేరుశెనగ వేరు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఆకుల నుంచి ఆవిరిగా పోతుంది. ఇంత నష్టాన్ని మొక్క ఎందుకు సహిస్తుంది?

ఎందుకంటే ఆహారం తయారుకావాలంటే కార్బన్ డయాక్సైడు కావాలి. అది గాలినుంచి రావాలి. గాలికి తలుపు తెరిస్తే ఆ తలుపులోనుంచే నీటి ఆవిరి బయటికి పోతుంది. ఆ తలుపులే పత్రరంధ్రాలు. వేరుశెనగ ఆకులో అవి పై భాగాన, కింది భాగాన కూడా ఉన్నాయి. ప్రతి రంధ్రానికీ ఇరువైపులా చిక్కుడు గింజల ఆకారంలో రెండు రక్షక కణాలు కాపలా ఉంటాయి.

ఈ కాపరుల పని అంతా నీటి బిగువుతోనే నడుస్తుంది. వెలుగు రాగానే పొటాషియం అయానులు రక్షక కణాలలోకి చేరతాయి. వాటి వెంట నీరు వస్తుంది. కణాలు ఉబ్బుతాయి. వాటి లోపలివైపు గోడ మందం, బయటివైపు పలుచన. అందుచేత ఉబ్బినప్పుడు అవి విల్లులాగా వంగి మధ్య రంధ్రం తెరుచుకొంటుంది. పొటాషియం బయటికి పోతే నీరూ పోతుంది. కణాలు సడలి రంధ్రం మూసుకొంటుంది.

బెట్ట సమయంలో వేళ్ళలోను, ఆకులలోను అబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను తయారవుతుంది. ఇది రక్షక కణాలను చేరగానే వాటిలోని పొటాషియం బయటికి జారుకొంటుంది. నిమిషాలలో తలుపులు పడిపోతాయి. నీరు తక్కువైందని మొక్కకు 'చెప్పింది' ఈ హార్మోనే!

ఇక పత్రకాలు ముడుచుకొన్న సంగతి. ప్రతి పత్రకం మొదట చిన్న ఉబ్బెత్తు భాగం ఉన్నది. దాని ఒకవైపు కణాలు నీటిని వదిలి సడలుతాయి, రెండవవైపు కణాలు బిగుస్తాయి. దానితో పత్రకం లేస్తుంది. ఎండ నేరుగా తగలకుండా అంచు మీదుగా జారిపోతుంది. రాత్రి వేళ ఆకులు ముడుచుకొనేదీ ఈ పద్ధతిలోనే.

వంటశాల, ఖజానా

తలుపులు మూసుకొంటే నీరు మిగులుతుంది. బాగున్నది. కాని వంటశాల మాటేమిటి?

ఆకు కణాలలో హరితరేణువులు ఉంటాయి. పత్రహరితం సూర్యుని వెలుగును పట్టి, నీరు, కార్బన్ డయాక్సైడులతో చక్కెరను తయారుచేస్తుంది. ఇది కిరణజన్య సంయోగక్రియ. తలుపులు మూసినప్పుడు కార్బన్ డయాక్సైడు అందదు. వెలుగు మాత్రం పడుతూనే ఉంటుంది. పొయ్యి మండుతున్నది, గిన్నెలో బియ్యం లేవు! వాడుకలోకి రాని ఆ శక్తి వల్ల కణానికి హానిచేసే రకం ఆక్సిజన్ పుడుతుంది. అది పొరలను పాడుచేస్తుంది. ఆకు ఎండకు వాలుగా తిరగటంలోని ప్రయోజనం ఇప్పుడు అర్థమైంది గదా! నీటి పొదుపుతోపాటు అది వంటశాలకు నిప్పు అంటకుండా కాపాడుతున్నది.

వంట ఆగినా ఖర్చు ఆగదు. పొరలను బాగుచేయాలి, అయానులను నెట్టాలి. దీనికి కావలసిన శక్తిని మైటోకాండ్రియాలు ఇస్తాయి. అవి నిలవ చక్కెరను ఆక్సిజన్ సాయంతో విడగొట్టి, వచ్చిన శక్తిని ఏ.టి.పి. అనే అణువులలో దాస్తాయి. చిల్లర నాణేలలాగా కణంలో ఎక్కడైనా చెల్లుబాటు అయ్యేది ఈ ఏ.టి.పి.యే. దీనిని కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారని మీకు తెలుసా? 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల మీద పరిశోధించి 1929లో దీనిని ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని వేరుచేశాడు. కండరంలో దొరికిన ఆ అణువే వేరుశెనగ వేరులోనూ పనిచేస్తున్నది. జీవకోటి అంతటికీ ఒకే నాణెం!

బెట్ట ఎన్నాళ్ళు సాగితే మొక్క అన్నాళ్ళు నిలవ తిని బతకాలి. తలుపు తెరిస్తే దాహం, మూస్తే ఆకలి. ప్రతిరోజూ, ప్రతి ఆకులో జరిగే బేరం ఇది.

ఆజ్ఞలు వెలువడే చోటు

తలుపు మూయటం నిమిషాల పని. బెట్ట రోజుల తరబడి సాగితే ఏర్పాట్లే మారాలి. ఆ పని కేంద్రకానిది. కేంద్రకంలోని క్రోమోజోములలో డి.ఎన్.ఏ. రూపంలో అన్ని పనులకూ సూచనలు రాసి ఉన్నాయి. మామూలు రోజులలో మూసి ఉన్న కొన్ని పుటలు బెట్టలో తెరుచుకొంటాయి. వాటి నకళ్ళు కణద్రవ్యంలోని రైబోజోములకు చేరతాయి. అక్కడ కొత్త ప్రోటీనులు తయారవుతాయి. కొన్ని ప్రోటీనులు పొరలను కాపాడతాయి. కొన్ని ప్రోలిన్ వంటి పదార్థాలను పోగుచేస్తాయి. ఇవి కణంలో కరిగి ఉండటంవల్ల కణరసం చిక్కనై, ఎండుతున్న నేలనుంచి కూడా కాస్త నీటిని లాగగలుగుతుంది.

అయితే అన్ని రకాల వేరుశెనగలలో ఈ సూచనలు ఒకే విధంగా ఉండవు. అందుకే కదిరిలోని వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట్ల శాస్త్రజ్ఞులు రకాలను సంకరం చేసి, బెట్టకు ఓర్చుకొనేవాటిని ఏరి రైతులకు ఇస్తున్నారు. కదిరి-6 అటువంటి పరిశోధన ఫలమే.

ఊడ దిగే వేళ

మొక్క బతికింది కాబట్టి పంట బతికినట్టేనా? కాదు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

వేరుశెనగ నేలపైన పూసి, నేలలోపల కాయటం మీకు తెలుసు. విత్తిన సుమారు నాలుగు వారాలకు పసుపుపచ్చని పూలు వస్తాయి. పువ్వు ఫలదీకరణం చెందిన తరువాత అండాశయం కింది కణాలు చురుకుగా విభజన చెంది ఊడను పొడిగిస్తాయి. ఊడ నేలవైపు వంగి, కొనలో అండాశయాన్ని మోసుకొంటూ మట్టిలోకి దిగుతుంది. చీకటి, తేమ దొరికిన తరువాతనే కాయ ఊరటం మొదలవుతుంది.

కణ విభజన తరువాత కణం పెద్దదయ్యేది నీటి బిగువుతోనే. గోడ కాస్త సడలాలి, లోపలి నీరు దానిని నెట్టాలి. నీరు లేకపోతే ఊడ పొడవదు. పొడిచినా గట్టిపడిన నేలలోకి దిగలేదు. దిగలేని ఊడ ఎండిపోతుంది.

దిగిన ఊడకు ఇంకొక అవసరం ఉన్నది. పక్కపక్క కణాల గోడలను అతికి ఉంచే సిమెంటు వంటి పదార్థంలో కాల్షియం ఉంటుంది. కాల్షియం మొక్కలో పైకి పోయే నీటి వెంట ఆకులకు చేరుతుంది; అక్కడినుంచి మళ్ళీ కిందికి రాదు. మట్టిలో ఉన్న కాయనుంచి నీరు ఆవిరి కాదు కనుక, కాయకు ఆ దారిన కాల్షియం అందదు. కాయ తన చుట్టూ ఉన్న తడిమట్టి నుంచే దానిని స్వయంగా పీల్చుకోవాలి. రైతులు ఊడలు దిగే సమయంలో, సుమారు 45వ రోజున, ఎకరానికి 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోసేది ఇందుకే. జిప్సంలో కాల్షియం ఉన్నది. కాని అది కరగటానికి తడి కావాలి. ఆ నాలుగు అంగుళాల పైమట్టి ఎండితే పైన పచ్చని చెట్టు ఉండి కూడా కింద తాలుకాయలే మిగులుతాయి.

తెలిసి వాడితే ఒక్క తడి చాలు

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ జరిపిన ప్రయోగాలలో ఒక ఆసక్తికరమైన సంగతి తేలింది. పంట తొలిదశలో కొద్దిపాటి బెట్ట తగిలి, తరువాత నీరు అందితే దిగుబడి తగ్గకపోగా కొంత పెరిగింది కూడా. వాన పడగానే పూలు ఒక్కసారిగా వస్తాయి. అదే బెట్ట ఊడలు దిగేటప్పుడో, గింజ ఊరేటప్పుడో వస్తే నష్టం తీరదు.

అంటే నీరు ఎంత అన్నదొక్కటే కాదు, ఏ కణాలు పెరుగుతున్న సమయంలో అన్నది కూడా ముఖ్యం. సేద్యపు కుంటలో నిలిచిన కాసిని నీళ్ళను తొలి వారాలలో తొందరపడి పెట్టటం కన్నా, ఊడ దిగే వేళకు దాచి ఒక్క తడి ఇవ్వటం మేలు. 2016 ఖరీఫులో అనంతపురం జిల్లాలో రెయిన్ గన్‌లతో ఎండుతున్న వేరుశెనగకు తడి అందించటానికి పెద్ద ఎత్తున ప్రయత్నం జరిగింది. ఇటువంటి ప్రతి ప్రయత్నంలోనూ అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే: ఊడలు ఏ దశలో ఉన్నాయి?

వచ్చే వానకారులో మీరు ఒక పని చేయండి. మీ చేనిలోగాని, పొరుగువారి చేనిలోగాని ఒకే ఒక్క వేరుశెనగ మొక్కను ఎన్నుకొని గుర్తుకు పుల్ల పాతండి. రోజూ ఉదయం ఎనిమిదికి, వీలైన రోజున మధ్యాహ్నం రెండింటికి పత్రకాలు ఎంత విప్పుకొని ఉన్నాయో నోటుపుస్తకంలో రాయండి. వాన పడిన రోజు, మొదటి పువ్వు వచ్చిన రోజు, మొదటి ఊడ నేలను తాకిన రోజు కూడా రాయండి. పీకే రోజున ఆ మొక్కకు గట్టి కాయలెన్ని, తాలుకాయలెన్ని లెక్కపెట్టండి. మీ పుస్తకంలోని తేదీలను వాన తేదీల పక్కన పెట్టి చూస్తే, ఆ తాలుకాయలు ఏ వారంలో తాలయ్యాయో మీరే చెప్పగలుగుతారు.